ఐసు ఫ్యాక్టరీ మెట్ల దగ్గర హారను

ఈ సంగతి నాకు మొదట చెప్పింది లాంచీల మెకానిక్కు. అబద్ధమైతే ముఖం మీదే కడిగేస్తానని ఎరిగే చెప్పాడు.

మా సరస్సు ఊళ్లో రేవు దాటాక మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని మెట్లు నీళ్లలోకి దిగుతాయి. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదు. రేవులో ఊరి గొప్పలు రాసిన బోర్డుకీ ఎక్కించారు — 'తెల్ల దెయ్యం తిరిగే చోటు' అని. రాసిన పెద్దమనిషి నన్నొక్క మాట అడిగాడా? అడగలేదు. అది నేను మర్చిపోను.

ఆ దెయ్యాన్ని మొదట చూసింది ఆఖరి లాంచీ నడిపే డ్రైవరు. చీకట్లో దబ్... దబ్... మని చప్పుడు. లైటు వేస్తే మెట్ల మీద తలలేని తెల్లటి ఆకారం — లేచి గోడ చాటుకు పోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచి అక్కడికి రాగానే హారను కొట్టేవాడు. అతన్ని చూసి మిగతా లాంచీలూ మొదలెట్టాయి.

ఇంట్లో మాత్రం అతని నోటికి అడ్డూ ఆపూ లేదు. తండ్రి మంచాన పడ్డాడు. ఒకప్పుడు చొక్కా మడత నలగకుండా రేవులో టిక్కెట్లు చూసిన మనిషి. దెయ్యం కనబడకముందు ఒకరోజు బావమరిది భోజనానికొస్తే, డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.

"అమ్మా, ఆ గది తలుపెయ్యి. ఇది ఇల్లా, గొడ్లపాకా?"

బావమరిది నవ్వాడు. లోపల ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి తలుపేసింది. ఆ తర్వాత ఇంట్లో వాసన తగ్గింది. ఎలా తగ్గిందని ఇతను అడగలేదు.

ఒక రాత్రి ఖాళీ లాంచీతో వస్తుంటే, సరిగ్గా అక్కడే ఇంజను ఆగింది. గాలికి జరుగుతూ... జరుగుతూ... పోయి మెట్లకే తగిలింది.

దబ్... దబ్...

ఆగింది.

హారను మీద వేలుంది, నొక్కడానికి కదల్లేదు. లైటు వేశాడు. ఎదురుగా తెల్లది — నిలువెల్లా నీళ్లోడుతూ.

ఆ తెల్లదాని లోపల్నుంచి గుసగుస...

"లైటార్పు చిన్నోడా. మీ నాన్న పరువు."

తల మీద కప్పుకున్న తడి దుప్పటి తీసింది. అమ్మ.

"ఇక్కడా... ఇంత రాత్రప్పుడా..."

"ఇంట్లో ఉతికితే వాసనంటివి. తీగ మీద ఆరేస్తే నలుగురూ చూస్తారు. దుప్పట్లు తడవకూడదని ఆయన మంచినీళ్లు కూడా మానేశాడు. ఎవరికీ తెలియనివ్వనని ఒట్టేస్తేనే తాగాడు."

అతను దిగి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డాడు.

"ముక్కు మూసుకోకపోతే ఆ కొస పట్టుకో. పిండాలి."

పట్టుకున్నాడు.

"ఇంక హారను కొట్టనమ్మా. ఎవర్నీ కొట్టనివ్వను."

"కొట్టు నాన్నా. అది వింటే ఇటెవరూ రారు. దెయ్యమంటేనే నాకు నయం."

కొట్టాడు. లైటార్పి, తల దించుకుని, ముసలాళ్లిద్దరూ కన్నుమూసేదాకా రోజూ కొట్టాడు. పోయాకా ఆపలేకపోయాడు. ఆపితే ఎందుకని అడుగుతారుగా.

ఇప్పుడు దాచాల్సినవాళ్లు లేరు. బోర్డుంది. ఊరు చూడొచ్చినవాళ్లు దాని ముందు పళ్లికిలిస్తూ ఫొటోలు దిగుతున్నారు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ బ్రష్షు పట్టడం రాదు. చెయ్యి తిరిగినవాళ్లెవరైనా ఆ ముక్క చెరిపి సరిచెయ్యండి. ఎవరింటి ఇల్లాలో, ఏం ఉతికిందో రాయక్కర్లేదు. దెయ్యం కాదు, మనిషి — అంతవరకు చాలు.

డ్రైవర్ని మాత్రం అడగొద్దు. తలెత్తి చెప్పలేడు.