గెంతుల చాపకి బోణీ

మార్చి నెలాఖరు వచ్చిందంటే రాయగడలో నాకున్న గిరాకీ మామిడికాయలకి కూడా ఉండదు. బళ్ళకొచ్చిన గ్రాంటు ఆ నెల దాటితే వెనక్కి పోతుంది. దాన్ని దేనికి ఖర్చు పెట్టొచ్చో, అర్జీ ఎలా రాయాలో తెలియక హెడ్మాస్టర్లు మా బావ సూర్యారావు దుకాణానికి పరుగెత్తుకొస్తారు. ఆటసామాను టోకున అమ్మే దుకాణం అది. వాళ్ళ అర్జీలు రాసిపెట్టడం, కొన్న సామాను తీసుకెళ్ళి బిగించి రావడం నా పని. మిగతా ఏడాదంతా త్రినాథరావు ఉన్నాడా లేడా అని అడిగే నాథుడుండడు. నా భార్య రాజ్యం పోయాక ఇంట్లో కూడా అంతే.

రెండువేల ఎనిమిదిలో, టికిరి దాటి కొండల్లోకి ఉన్న ఒక ఆడపిల్లల హాస్టలు బడికి గెంతుల చాప తీసుకెళ్ళాను. పక్కపక్కన రెండు రబ్బరు చాపలు, వాటిమీద అంకెల గళ్ళు, మధ్యలో బ్యాటరీతో నడిచే స్పీకరు పెట్టె. పెట్టె ఒడియాలో ఒక అంకె చెబుతుంది, ఆడేవాళ్ళు ఆ గడి మీదకి గెంతాలి. ముందు గెంతినవాళ్ళ గడి పచ్చగా వెలుగుతుంది. రెండు చాపల మీదా మనిషి నిలబడితేగాని ఆట మొదలవదు. పలక ముట్టని పిల్లలు కూడా దాని మీద ఎగిరి ఎగిరి కూడికలు నేర్చుకోవడం నేను కళ్ళారా చూశాను. అందుకే తిరిగి తిరిగి కాళ్ళు వాచినా ఈ పనిని తిట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న అధికారి వచ్చి, పిల్లలు ఆడగా చూస్తేనే ఆ గ్రాంటు నిలుస్తుంది. లేకపోతే చాప మళ్ళీ దుకాణానికే. పిల్లలు చైత్ర పరబ్ పండక్కి ఊళ్ళకెళ్ళారు, తెల్లారి వస్తారు. హెడ్మాస్టరు అధికారిని వెంటబెట్టుకు రావడానికి రాయగడ వెళ్ళాడు. బడిలో ఉన్నది వంటమనిషి సింహాచలమ్మ ఒక్కతే. సాలూరు వైపు మనిషి. నా తెలుగు వినగానే సొంత తమ్ముడు వచ్చినట్టు సంబరపడి టీ ఇచ్చింది. నేనూ అప్పా అనే పిలిచాను.

చాప బిగించేసరికి పొద్దు గుంకింది. కొండ మీంచి ఇప్పపూల వాసన దిగుతోంది. పక్క గదిలో పరుపులు చుట్టిపెట్టిన మంచాలు వరసగా ఉన్నాయి. అంతమంది పిల్లలు ఉండాల్సిన చోట చప్పుడు లేకపోతే చెవులు నొప్పి పెడతాయి. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

కొత్త సామాను బిగించగానే కొబ్బరికాయ కొట్టి, బోణీకి ఒక పిల్లనో పిల్లాడినో పిలవడం మా దుకాణం పద్ధతి. బోణీకి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, వెళ్ళగొట్టకూడదు. ఆ సాయంత్రం పిలవడానికి ఎవరూ లేరు. అయినా అలవాటు ఊరుకోదు కదా. కాయ కొట్టి, బొట్టు పెట్టి, చీకటి పడుతున్న వరండా వైపు తిరిగి, ఆ కొండవాళ్ళ మాట దేశియాలో నాకొచ్చినట్టు పిలిచాను. రామ్మా, ఎవరో ఒకరు వచ్చి బోణీ చెయ్యండి అని.

ఎవరొస్తారు? నాకే నవ్వొచ్చింది.

తోడు లేనప్పుడు రెండో చాప మీద బియ్యం బస్తా పెట్టి పరీక్ష చేస్తాను. ఒకదాని మీద నిలబడి, బస్తా కోసం అప్పని కేకెయ్యబోయాను. అంతలో పక్క చాప వెలిగింది.

తీగ వదులైందనుకున్నాను. వంగి చూస్తే బాగానే ఉంది.

పెట్టె "చారి" అంది. నాలుగన్నమాట. నేను కాలు ఎత్తేలోగా పక్క చాప మీద నాలుగో గడి పచ్చబడింది. మళ్ళీ ఇంకో అంకె. మళ్ళీ నేనే వెనకబడ్డాను. యంత్రం చెడిందని తెలుసు. అయినా పంతం వచ్చి గెంతాను. ఒకసారి గెలిచాను కూడా. రాజ్యం పోయాక నేను పైకి నవ్వడం అదే మొదలు.

అప్పుడు కిందికి చూశాను.

పక్క చాప రబ్బరు నొక్కుకుపోయి ఉంది... రెండు పాదాలంత మేర. చిన్న పాదాలు. వేళ్ళ గుంటలు కూడా తెలుస్తున్నాయి. వానలో నానిన మట్టి వాసన వచ్చింది. బయట చుక్క వాన లేదు.

గుమ్మంలో సింహాచలమ్మ లాంతరుతో నిలబడి ఉంది.

"బాబూ... ఎవుల్ని పిల్సేవు?" అంది గుసగుసగా.

"ఎవర్నీ లేదప్పా. బోణీకని..."

"పిల్సేవు."

నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పింది. సోమారి అని ఒక పిల్ల. పోయిన వానల్లో జ్వరంతో పోయింది. అమ్మానాన్నలు ఇటుకబట్టీ పనికి దూరదేశం వెళ్ళారు, కబురు అందలేదు. సెలవులకి అందరి కోసం ఎవరో ఒకరు వస్తారు, ఆ పిల్ల కోసం రాలేదు. ఇప్పటికీ సెలవుల్లో వరండా చివర కూర్చుంటుందట. పిలవందే లోపలికి రాదు. ఇన్నాళ్ళూ ఎవరూ పిలవలేదు.

"రేపు పిల్లలొచ్చేత్తారు. దానికి తోడు కావాల. ఒకల్ని అట్టుకుందంటే పేనం పోయేదాకా ఒగ్గదు బాబూ. ఆ సాప నువ్వట్టుకెల్లిపో."

పట్టుకెళ్తే బడికి చాపా లేదు, గ్రాంటూ లేదు. వదిలేస్తే... ఆ పిల్లలకి ఏమవుతుందో. ఏం చెయ్యాలో తోచక తిరిగి గదిలోకి వెళ్ళాను. చాప ఇంకా నొక్కుకునే ఉంది. ఆట మళ్ళీ ఎప్పుడని ఎదురుచూస్తున్నట్టు... కదలకుండా. నాకు భయంతో పాటు జాలీ వేసింది.

నేల మీద కూర్చుని మెల్లగా అన్నాను.

"సోమారీ, ఈ పిల్లల జోలికి వెళ్ళకమ్మా. నాతో రా. మా ఇంట్లో ఎవరూ లేరు."

సగం ఆ పిల్లల కోసం అన్నాను. సగం నా కోసమే.

రబ్బరు మెల్లగా పైకి లేచింది. ఒక పాదం. తరవాత రెండోది. నా చిటికెనవేలు ఎవరో పట్టుకున్నారు... చల్లగా. వదిలేశారు. మట్టి వాసన వరండా దాటి పోయింది.

తెల్లారి నేను ఒక్కడినే చాప మీద నిలబడి చూశాను. బస్తా పెట్టేదాకా ఆట మొదలవలేదు. పిల్లలు వచ్చారు, అధికారి వచ్చాడు, ఒకటే కేకలు, గెంతులు. అధికారి కూడా బూట్లు విప్పి ఒక ఆట ఆడాడు. సింహాచలమ్మ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఒక మంచిపని చేశానన్న తృప్తితో రైలెక్కాను.

దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాను. పక్కింటి బుల్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"నువ్వంపిన అమ్మి ఒచ్చినాది బాబూ. ఆకలంటే అన్నమెట్టేను. తిని, మీ ఇంట్లో తొంగుంది."

తాళం వేసినది వేసినట్టే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. భయపడాలి నిజానికి. కాని ముందు కలిగింది సంతోషం. ఇంట్లో ఒక మనిషి ఉంది, నేనొస్తానని చూసి చూసి పడుకుంది అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాళం తీశాను. తలుపు రాలేదు. లోపల గడియ పెట్టి ఉంది.

"రేపట్నించి బియ్యం ఎక్కువ పొయ్యమంది," అని బుల్లమ్మ వెనకనించి అంటోంది. "ఆ బళ్ళో అమ్మిలందరూ ఒకలెనకాల ఒకలు ఒచ్చేత్తారట."

వెనక్కి తిరిగాను.

"రేపు ఎవులొస్తారో పేరు కూడా సెప్పినాది బాబూ. ఆ కొండోల్ల పేర్లు నాకు నోరు తిరగవు... మర్సిపోనాను."