కావలి గదిలోంచి మాట

తిమింగిలాలు చూడ్డానికి దీవిలోని లాజెస్ రేవుకి వచ్చేవాళ్లు పడవ నడిపేవాణ్ణి మెచ్చుకుని, ఫొటోలు దిగి వెళ్తారు. అసలు చూసే మనిషి కొండ మీద కావలి గదిలో ఉంటుందని వాళ్లకి తెలీదు. ఆ మనిషి ఎర్మీనియా. సున్నం కొట్టిన ఇరుకు గది, సముద్రం వైపు గోడలో అడ్డంగా బెత్తెడు చీలిక, దాని ముందు పెద్ద బైనాక్యులర్, ఒక స్టూలు, ఒక వైర్‌లెస్. వాళ్ల నాన్న ఆ చీలికలోంచి చూసి తిమింగిలాల్ని చంపించేవాడు. ఆమె చూసి జనానికి చూపిస్తుంది. జీతం మాత్రం ఇద్దరికీ అంతంతమాత్రమే.

పడవలో ఉన్నవాడికి అలలు తప్ప ఏం కనిపిస్తుంది? అందుకే ఆ ఊళ్లో కావలి మాట మీద పడవ కదులుతుంది, మాట ఆగితే ఆగుతుంది. ఎర్మీనియా తమ్ముడు దినీస్ ఈ విషయంలో మరీ అతి. అక్క చెప్పాక తన కళ్లతో చూసుకోవడం కూడా దండగ అనుకునే రకం.

ఆ పొద్దున దినీస్ పడవ నిండా జనంతో వెళ్లాడు. మొదటిసారి కూతురు బెర్తాని కూడా ఎక్కించుకున్నాడు. వద్దురా, ఇంకా చిన్నపిల్ల అని ఎర్మీనియా మొత్తుకుంది. ఆమెకి పిల్లల్లేరు. బెర్తా అంటే ప్రాణం.

"ఏంటక్కా, గొంతు బొంగురుపోయింది?" వైర్‌లెస్‌లో దినీస్ అడిగాడు.

"మీ ఆవిడ పంపిన చీజ్ అడ్డం పడింది. దాంతో గోడ కట్టుకోవచ్చు."

"మెల్లిగా! పడవలో అందరూ వింటున్నారు."

"విననీ. చిన్నది ఏం చేస్తోంది?"

"రెండుసార్లు కక్కింది. అయినా తిమింగిలాన్ని చూడందే దిగనని కూర్చుంది."

"మన నాన్న పోలికే. సరే, పడమటికి పోనీ. అక్కడొకటి ఊపిరి చిమ్మింది. పెద్దదే."

అప్పటికి ఎండ బాగానే ఉంది. కాసేపటికి దక్షిణం నుంచి మంచు లేచింది. ఆ దీవిలో మంచు కొత్త కాదు గానీ ఇది నీళ్ల మీద పాకుతూ వచ్చింది. దాంతోపాటు ఒక వాసన... కరిగించిన కొవ్వు వాసన. ఎర్మీనియా చిన్నప్పుడు రేవులో తిమింగిలాల కొవ్వు కాచేవాళ్లు. ఆ పని మానేసి ఇన్నేళ్లయినా ముక్కు మర్చిపోలేదు.

"ఒరేయ్ దినీస్, మంచు దిగుతోంది. చూసింది చాలు, వెనక్కి తిప్పు."

"అలాగే అక్కా."

ఆమె మైకు బల్ల మీద పెట్టింది. ఒళ్లు విరుచుకుని, ఫ్లాస్కులో కాఫీ వంచుకుంటోంది.

"దినీస్," అంది వైర్‌లెస్. "వెనక్కి వద్దులే. ఇంకొంచెం పడమటికి రా."

ఎర్మీనియా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాఫీ కప్పు నిండి బల్ల మీదికి కారింది. ఆ గొంతు ఎవరిదో కాదు. తనదే. ఆ బొంగురుతో సహా.

"ఇప్పుడే కదక్కా తిప్పమన్నావు?"

"మనసు మార్చుకోకూడదా? రా."

దినీస్ నవ్వాడు. "నీ ఇష్టం."

ఆమె మైకు లాక్కుని మీట నొక్కింది. "దినీస్! అది నేను కాదు! వెనక్కి తిరుగు!" మీట నొక్కితే వెలగాల్సిన ఎర్రదీపం వెలగలేదు. మళ్లీ నొక్కింది. వైర్లు పీకి పెట్టింది. దీపం వెలగదు. వినపడటం మాత్రం శుభ్రంగా వినపడుతోంది.

పడమటి కొస దగ్గర నీటి కింద రాళ్లున్నాయి. వెలుగులోనే అటు ఎవరూ పోరు.

ఆమె తలుపు దగ్గరికి ఉరికింది. గడియ వచ్చింది గానీ తలుపు రాలేదు. చెమ్మకి ఉబ్బిందేమో అనుకుని భుజంతో గుద్దింది. తలుపు కొంచెం కదిలి, మెత్తగా, నిదానంగా వెనక్కి వచ్చేసింది. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టు.

"ఎవరది?" అంటూ మళ్లీ తోసింది.

ఆ గదికి ఇంకో దారి లేదు. చీలికలో తల పట్టదు. ఎర్మీనియాకి అప్పుడు నిజంగా భయమేసింది, తన కోసం కాదు. పడవలో చిన్నది ఉంది.

మూలన పాత రాకెట్ ఒకటుంది. తిమింగిలం కనపడితే నాన్న పేల్చేది. ఆ చప్పుడికి రేవులో మంగలి సగం గడ్డం గీసి వేట పడవ కోసం పరిగెత్తేవాడట. ఎవరైనా వింటారు, ఎవరైనా వస్తారు... ఆమె చీలికలోంచి బయటికి పెట్టి ముట్టించింది. కొండంతా దద్దరిల్లింది.

వైర్‌లెస్ నవ్వింది. అదే నవ్వు, ఆమెదే. "విన్నావా తమ్ముడూ? రాకెట్ కూడా వేశాను. ఇలాంటిది నువ్వు పుట్టాక చూసుండవు. రా."

"అబ్బో! అంత పెద్దదా!"

"వద్దురా!" ఎర్మీనియా చీలికకి మొహం ఆనించి అరిచింది. "పాప ఉందిరా పడవలో! బెర్తాని చూడు! బెర్తా కోసమైనా వెనక్కి రా!"

"బెర్తాని ముందుకి తీసుకొచ్చి నిలబెట్టు," అంది వైర్‌లెస్. "పాపకి బాగా కనపడుతుంది."

ఎర్మీనియా చీలిక వదిలి వైర్‌లెస్ వైపు తిరిగింది. ఆ గొంతు అంతవరకూ బెర్తా పేరెత్తలేదు. తను అరిచాకే ఎత్తింది.

"పడవలో జనం..." మెల్లిగా అని చూసింది.

"పడవలో జనాన్ని కూడా ముందుకి రమ్మను," అంది అది వెంటనే.

తను అందిస్తోంది. అది వాడుకుంటోంది.

ఆమె శాలువా కొస నోట్లో కుక్కుకుంది. రెండు చేతులూ నోటి మీద అదిమి పెట్టి నేల మీద కూర్చుంది. అరవాలనుంది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవాలనుంది. మాట్లాడితే చస్తారు. మాట్లాడకపోతే... ఏమో.

"దినీస్..." అంది వైర్‌లెస్. గొంతు పలచబడింది. "రా... ఇంకొంచెం..." ఊపిరి లాంటిదేదో వినపడింది. తర్వాత అదీ లేదు.

"అక్కా? ఎటు?"

ఎర్మీనియా శాలువా కొరికింది.

"అక్కా, వినపడుతోందా? ముందుకేనా?"

కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెదవి విప్పలేదు.

"మాట లేదు," అని ఎవరితోనో అన్నాడు దినీస్. "అక్క మాట లేకుండా కదిలేది లేదు. ఇంజను ఆపేస్తున్నా. ఎవరూ లేవకండి."

ఇంజను చప్పుడు ఆగింది. ఆమె అలాగే కూర్చుంది. గది గోడలకి తడి పట్టింది. తలుపు అవతల ఏదో ఒకసారి కదిలి సర్దుకుంది.

చాలాసేపటికి చీలికలో వెలుగు వచ్చింది. లేచి చూసింది. మంచు విడిపోతోంది. దినీస్ పడవ రాళ్లకి నాలుగు బారల దూరంలో, కదలకుండా నిలబడి ఉంది. పడవలో ఎర్ర జాకెట్టు వేసుకున్న చిన్న బొమ్మ. బెర్తా. ఎర్మీనియా గోడకి నుదురు ఆనించి, శబ్దం లేకుండా ఏడ్చింది. బతికారు.

పడవ రేవుకి చేరడం చూసింది. వాళ్లొచ్చి తలుపు తీసేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

వచ్చారు. బాట మీద రాళ్లు కదిలాయి. బెర్తా ఏదో వాగుతోంది, దినీస్ ఆయాసపడుతున్నాడు.

"అక్కా! ఏమైపోయావే? వైర్‌లెస్ చచ్చిందా? ప్రాణాలు పోయాయనుకో! ఉన్నావా లోపల?"

ఆమె శాలువా నోట్లోంచి తీసేసింది. ఇక పర్వాలేదు. తమ్ముడు తలుపు అవతలే ఉన్నాడు. నోరు తెరిచింది. "ఉన్నాను" అనబోయింది.

ఊపిరి వచ్చింది. మాట రాలేదు.

"ఉన్నాను," అంది బయట, గది పక్క నుంచి, ఎర్మీనియా గొంతు. "ఇక్కడున్నా. వైర్‌లెస్ పాడైతే బాగుచేసేవాణ్ణి పిలుద్దామని బయల్దేరా."

"నా తల్లే! భయపెట్టి చంపావు."

ఎర్మీనియా తలుపు మీద పడింది. రెండు పిడికిళ్లతో బాదింది. కాళ్లతో తన్నింది. గొంతు చించుకుంది. గాలి, ఉత్త గాలి...

"లోపల ఏంటా చప్పుడు?"

"చీలికకి వేసే చెక్క పలక ఊడింది. గాలికి కొట్టుకుంటోంది. రేపు బిగిద్దాంలే. పదండి, అన్నానికి వేళైంది."

"పాపకి కాళ్లు పీకుతున్నాయట."

"ఇటివ్వు. నేనెత్తుకుంటా."

బట్టల గరగర. బెర్తా కిలకిల నవ్వింది. అడుగులు బాట దిగుతున్నాయి. ఎర్మీనియా తలుపుకి చెవి ఆనించి, గోళ్లతో చెక్క గీరుతూ వింటోంది. పిల్ల గొంతు చివరిసారి, దూరం నుంచి, వినపడీ వినపడకుండా వచ్చింది.

"అత్తా... నీ జుట్టులో అంత నాచేంటి?"