కుట్టు నిలవని ఒళ్లు

ఆత్మకూరు దాటేదాకా నాకు భయం లేదు, ఏడుపే. మధ్యాహ్నం రెండు గంటలు. అంబులెన్స్ వెనకభాగంలో నేనూ, తెల్లగుడ్డ కింద మా తమ్ముడు కోటేశ్వరూ. వాడికి ముప్పై నాలుగేళ్లు. గొర్రెల వెంట ఉదయగిరి కొండంతా తిరిగినవాడు. డ్రైవర్ దయాసాగర్ ముందు సీట్లో పాటలు పెట్టుకున్నాడు. చావు సంగతి ఇంటికింకా చెప్పలేదు. నోరు రాలేదు.

దాచడమెందుకు, వాణ్ణి చంపింది నేనే.

గుండెకి బైపాస్ ఆపరేషన్ చేసేముందు నెల్లూరు డాక్టరు సూటిగా అడిగాడు. "చర్మం, రక్తనాళాలు తేలిగ్గా చిరిగే జబ్బు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? ఉంటే కోత పెట్టను, ఇంకో దారి చూస్తాను."

ఉంది. మా నాయన కాలు కొడవలికి తెగితే, వేసిన ప్రతి కుట్టూ కండను కోసుకుంటూ ఊడొచ్చింది. నెత్తురు ఆగక పోయాడు. కానీ ఆ గదిలో నా పక్కనే, రక్తం ఇవ్వడానికొచ్చిన కలిగిరి రామనారాయణ కూర్చున్నాడు. కాబోయే వియ్యంకుడు. నా కూతురు భవ్యశ్రీకి తాంబూలాలు మార్చుకుని పది రోజులు. వంశంలో జబ్బుందంటే ఆ సంబంధం నిలుస్తుందా?

"ఎవరికీ లేదు సార్," అన్నాను.

సూది పెట్టిన చోటల్లా గుండె చిరిగిపోయిందట. నానిన కాగితాన్ని కుట్టినట్టుంది అన్నాడు డాక్టరు.

పుటుక్.

గుడ్డ కింద నుంచి. బండి కుదుపేమో అనుకున్నాను. డీజిల్ కోసం బండి ఆగింది. దయాసాగర్ దిగి, వెనక తలుపు కాస్త తెరిచి పోయాడు. పాటలు లేవు. పచ్చి నెత్తురు వాసన...

పుటుక్... పుటుక్...

తెల్లగుడ్డ మీద, గొంతు దగ్గర మొదలై, ఎర్రటి గీత కిందికి పాకుతోంది.

"అన్నా..."

నోటి దగ్గర గుడ్డ కదిలింది.

"ఇంకెవరికి ఉండాది అన్నా? చెప్పు... ఈసారన్నా చెప్పు."

నాకు తెలుసు. పోయినేడు ముల్లు గీరుకుంటేనే భవ్య చెయ్యి జానెడు చీలింది. చెప్పబోయాను. తలుపు సందులోంచి రామనారాయణ కనిపించాడు. మా వెనకే వస్తున్న తన కారు దిగి ఇటే వస్తున్నాడు.

"ఎవరికీ లేదురా," అన్నాను గుసగుసగా.

"సరేలే," అన్నాడు కోటేశ్వర్. నోటి దగ్గర గుడ్డ మళ్లీ అణిగింది.

మా వీధి మొదట్లోనే బండి ఆపించి దిగాను. భవ్య నవ్వుతూ ఎదురొచ్చింది.

"చిన్నాయన నీకంటే ముందే వచ్చినాడు నాయనా. నన్ను గొంతు కాడ నుంచి పొట్ట దాకా దారంతో కొలుచుకున్నాడు. పెళ్లి రైకకా అంటే నవ్వినాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు... కలిగిరోళ్లకి అసలే చెప్పొద్దన్నాడు."