మెదడు గుమ్మం దగ్గర

పంతొమ్మిది వందల డెబ్బై మూడు, వానాకాలం. ఆసుపత్రి వార్డు గుమ్మంలో దాలమ్మ చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

"అమ్మోరు పూనిన పిల్లకి నడుంలో సూదేటి? తల్లికి కోపమొస్తాది."

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆమె ఇంట తాలింపు మానేశారు. జ్వరంతో పడివున్న కూతురు పోలమ్మ చుట్టూ వేపమండలు పరిచారు. మూర్ఛ వచ్చాకే పోలమ్మ అన్న సుందర్ రాజు పిల్లను రిక్షాలో ఇక్కడికి తెచ్చాడు. అతను వర్క్‌షాపులో ఫిట్టరు.

"మీరైనా సెప్పండి," అంది నర్సు శ్యామల.

"మా అమ్మకి నేను ఊడిపోయిన నట్టు కింద లెక్క, సిస్టర్."

"బిగించినోళ్ళు లేకేమో."

శ్యామల దాలమ్మ ముఖం మీది మశూచి మచ్చలు చూసింది. "పిన్నీ, మీకు అమ్మోరు మళ్ళీ వచ్చినాదా?"

"ఒకపాలి వచ్చి ఎల్తే మళ్ళీ రాదు కదే."

"ఒళ్ళు గుర్తెట్టుకున్నాది, అందుకే రాదు. పోలమ్మ ఒళ్ళు ఇప్పుడే నేర్సుకుంటన్నాది. దోమ తెచ్చిన వైరస్ మెదడులో దూరినట్టుంది. అదే మెదడుకి చీము పట్టిన జ్వరమైతే మందుంది. ఏదన్నదీ సూదితో నడుంలోంచి నీరు తీస్తేనే తెలుస్తాది."

దాలమ్మ చేతులు దించింది.

నీరు తేటగా వచ్చింది, చీము లేదు. వైరసేనన్నాడు డాక్టరు.

"మందు?" అడిగాడు సుందర్ రాజు.

"లేదు," అంది శ్యామల. "రక్తంలోంచి తెల్లకణాలు మెదడు కాడికి చేరినాయి. వైరస్‌ని తరిమే పని అవే సెయ్యాల. మనం జ్వరం దించుతూ ఉండాల."

"గుంపుగా పడి తరిమెయ్యొచ్చు కదా?"

"గుంపు పడితే వాపొస్తాది, మెదడే నలిగిపోతాది. అందుకే మెదడు తన తలుపు కొంచెమే తీస్తాది."

"మీలాగ," అని, వెంటనే తల దించుకున్నాడు.

ఆమె తడిగుడ్డ పిండి చేతికిచ్చింది. "నుదురు తుడవండి. మాటలు తరవాత."

వాన తెరిపివ్వలేదు. ఒక పిల్లవాడున్న పక్క మంచం ఖాళీ అయింది. తండ్రి ఆ పిల్లవాడి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. సుందర్ రాజు ఆ మంచం వైపే చూస్తూ కూర్చుంటే, శ్యామల టీ గ్లాసు తెచ్చి పెట్టి, అడ్డంగా తెర లాగి వెళ్ళింది.

చివరికి జ్వరం దిగింది. పోలమ్మ కళ్ళు తెరిచింది గానీ అన్న పేరు నోట రాలేదు. కుడికాలు ఈడుస్తోంది.

"సెల్లి నడిసేదాకా నా పెళ్ళి మాట ఎత్తొద్దని అమ్మకి సెప్పినాను," అన్నాడు సుందర్ రాజు వరండాలో.

"పెళ్ళి ఎవలితో?"

"ఆవిణ్ణి ఇంకా అడగలేదు."

శ్యామల వానకేసి చూసింది. "అడిగితే, ఆవిడా ఆగుతానంటాదేమో."

దాలమ్మ వార్డులోంచి వచ్చింది. పోలమ్మ బరువంతా ఆమె భుజం మీదే ఉంది.

"ఇద్దరూ ఆగిపోతే దీన్ని నడిపించీదెవలు? రండి, సెరో పక్కా పట్టండి."