బీరువాలో మొసలి

కుళాయి మనిషి తలుపు తట్టగానే భర్త చేసిన మొదటి పని, వంటగది బల్ల మీదున్న మొసలిని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేయడం. నాలుగు రోజులుగా కుళాయి కారుతోంది. అది కారినా ఫరవాలేదు, మొసలి మాత్రం ఎవరి కంటా పడకూడదు.

మొసలి అని పేరు పెట్టింది అత్తగారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన ఆవిడ కోసం, లేత్ మిషన్ మీద పనిచేసే కొడుకు సెలవు రోజుల్లో కూర్చుని చేసిన వస్తువది. చెక్క పలక మీద రబ్బరు తొడిగిన రెండు దవడలు. సీసాను వాటి మధ్యకు నెడితే కరిచి పట్టుకుంటుంది. అప్పుడు ఒంటి చేత్తో మూత తిప్పేయవచ్చు. ఇలాంటిది ఎన్నో ఇళ్లకు కావాలి, అమ్మకానికి పెట్టండని పోరు పెట్టింది కోడలే.

"ముందు పేటెంటు. ఆ తర్వాతే అమ్మకం," అన్నాడతను.

అందులో తప్పు లేదు. అంతకుముందు అతను చేసిన బట్టల క్లిప్పును హార్డ్‌వేర్ కొట్టు స్నేహితుడు చూసి, మూడు నెలలు తిరక్కుండా తన పేరుతో అమ్ముకున్నాడు. కానీ ఈ పేటెంటు కాగితాలు పదకొండు నెలలుగా సొరుగు దాటలేదు. సంతకం పెట్టబోయిన ప్రతిసారీ దవడల్లో ఏదో లోపం కనిపించేది. "ఈ స్ప్రింగ్ ఒక్కటీ మార్చాక," అనేవాడు. దరఖాస్తు కదల్లేదు గానీ కాపలా మాత్రం ముదిరింది. పాలవాడు వచ్చినా బీరువా, ఆడపడుచు వచ్చినా బీరువా.

ఆ రోజు కుళాయి పని అయ్యేసరికి అతనికి షిఫ్టు టైమైంది. తాళంచెవి జేబులో ఉందన్న సంగతే మరిచి పరుగెత్తాడు. లాండ్రీలో పనిచేసే కోడలు, అతను మొసలిని తీసి మళ్లీ బల్ల మీద పెట్టే ఉంటాడనుకుని, మందు సీసా మూత వదులు చేయకుండానే బయల్దేరింది.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఒళ్లో మందు సీసా. మూత చుట్టూ పళ్ల గాట్లు. పెదవి చిట్లి రక్తం ఎండిపోయింది.

"అత్తయ్యా! ఏమిటిది?"

"మూత రాలేదమ్మాయ్. మధ్యాహ్నం మాత్ర పడలేదు. వాడితో అనకు, బాధపడతాడు."

ముందు మాత్ర వేయించి పెదవి తుడిచింది. కానీ అనకుండా ఎలా ఉంటుంది? భర్త చెప్పులు విప్పకముందే చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇటివ్వండి."

"ఏం, ఎవరైనా వచ్చారా?" అతని చూపు నేరుగా బీరువా మీదికే పోయింది.

"ఎవరూ రాలేదు. మీ అమ్మ పెదవి చూడండి."

చూశాడు. ముఖం పాలిపోయింది. "ఆ కుళాయి వాడు చూస్తాడేమోనని... నీకు తెలీదే, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు."

"ఉంటాడు. అందుకేగా కాగితాలు! బీరువాలో పెడితే మీదైపోతుందా? రేపెవరో ముందుగా దరఖాస్తు పెట్టేస్తే, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు మీరప్పుడు అరుస్తారు. దొంగల నుంచి దాస్తున్నానని అమ్మకే అందకుండా దాచేశారు. అలిసిపోయానండీ. కారే కుళాయికీ నేనే గిన్నె పెట్టాలి, మీ భయానికీ నేనే పెట్టాలి."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "కాగితం ఇచ్చేశాక ఇక మార్చడానికుండదు. అందులో లోపం ఉందని తేలితే?"

"లోపమేమిట్రా?" అంది తల్లి మెల్లగా. "ఏడాదిగా నా మూతలన్నీ అదే తీసింది. ఇవాళ ఒక్కరోజే లోపం. బల్ల మీద లేదు."

అతను తల్లి చేతిలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత తానే బీరువా తెరిచి మొసలిని తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. సొరుగులోని కాగితాలు తీసి, స్ప్రింగు మాట ఎత్తకుండా, సంతకాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే సగం రోజు సెలవు పెట్టి అతను కాగితాలతో బయల్దేరబోతుంటే కుళాయి మళ్లీ కారింది. పిలిస్తే అదే కుళాయి మనిషి వచ్చి తలుపు తట్టాడు. అలవాటు చొప్పున అతని చెయ్యి మొసలి మీదికి పోయింది.

అత్తగారు ఆ చేతి మీద ఒక్కటేసింది. తీరిగ్గా మూత తిప్పి, మాత్ర మింగి, భుజం మీది తువ్వాలు తీసి మొసలి మీద కప్పింది.

"తువ్వాలు చాల్లేరా. నువ్వెళ్లి కాగితాలిచ్చి రసీదు తెచ్చేదాకా నేనుంటాగా కాపలా!"