మర్నాటి కట్టు

ఆ వీధికి తెల్లవారిందని చెప్పేది జనరల్ గారి బూటు బ్రష్షు. ఆయన మెట్ల మీద కూర్చుని బరబరా రుద్దడం మొదలుపెడితే ఎదురింటివాళ్ళు లేచి పాలగిన్నె పొయ్యి మీద పెట్టేవారు. ఆయన నిజంగా జనరలేమీ కాదు లెండి. సైన్యంలో అంబులెన్స్ నడిపి రిటైరైన డ్రైవరు. కూరగాయల కొట్టు దగ్గర కూడా అందరినీ వరసలో నిలబడమని ఆర్డర్లు వేస్తాడని సెలూన్ అతను ఆ పేరు పెట్టాడు. పెట్టినవాడు వెటకారానికే పెట్టాడు గానీ, ఈయన మాత్రం నిజంగా ప్రమోషన్ వచ్చినట్టే పుచ్చుకున్నాడు.

ఆ రోజు మెట్ల మీద రెండు జతల బూట్లున్నాయి. ఒకటి ఆయనది, రెండోది కూతురిది. కూతురూ సైన్యంలోనే. మెడిక్. అంటే, మనిషి పడిపోయిన చోటికే పరిగెత్తి, రక్తం ఆపి, కట్టు కట్టి, ప్రాణం ఉండగానే హెలికాప్టర్ ఎక్కించే మనిషి. వీధిలో అందరికీ బుజ్జి, అక్కడ మాత్రం సార్జెంట్. ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చింది.

సెలవు అయిపోయేలోగా పై అధికారికి ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. సర్వీసులో ఇంకొన్నేళ్ళు ఉంటుందా, ఇంతటితో మానేస్తుందా? ఉంటే ప్రమోషన్, తన కింద ఒక దళం. మానేస్తే ఊళ్ళో పెద్దాసుపత్రిలో, మానని గాయాలు చూసే విభాగంలో నర్సు ఉద్యోగం. దానికి కావలసిన పరీక్షలు సర్వీసులో ఉండగానే రాసి పాసైంది. ఈ సంగతి తల్లికి తెలుసు. తండ్రికి చెప్పడానికే నోరు పెగలడం లేదు. తుపాకుల మోత మధ్య చెయ్యి వణకని పిల్ల, నాన్న బూట్లు తుడుస్తుంటే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నసుగుతూ నిలబడింది.

అలా నిలబడే చూసింది.

"నాన్నా, ఆ ఎడమ బూటు ఎందుకంత మెల్లగా తొడుక్కుంటున్నావు?"

"వయసు తల్లీ."

"కుడికాలికీ అదే వయసు కదా?"

జనరల్ గారు ఆ మాట వినబడనట్టు లేసు లాగారు. బుజ్జి గ్లాసు కింద పెట్టి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "విప్పు."

"విప్పను."

"నాన్నా, నేను మర్యాదగా అడుగుతున్నాను."

వంటింట్లోంచి తల్లి వచ్చింది, చేతిలో గరిటె అలాగే ఉంది. "ఓహో, అదా సంగతి! పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క గ్లాసు కడిగి ఎరగని మనిషి నెల రోజులుగా తన సాక్సులు తనే ఉతుక్కుంటున్నాడు. ముసలితనంలో బుద్ధొచ్చింది కాబోలని మురిసిపోయానే, ఎంత పిచ్చిదాన్ని!"

సాక్సు తీస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. ఆయనకు షుగరు. పాదానికి స్పర్శ తగ్గి, నొప్పే తెలియడం లేదు. నొప్పి లేదు కాబట్టి రోగమూ లేదని ఆయన లెక్క. తల్లి గరిటె నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు ఆపుకుంది. బుజ్జి మాత్రం లోపలికెళ్ళి తన మందుల సంచి తెచ్చింది, పుండు కడిగింది, గాజుగుడ్డ పెట్టింది, పట్టీ చుట్టడం మొదలుపెట్టింది. ఆ చేతులు చూడాలండీ! తడబాటు లేదు, వృథాగా ఒక్క చుట్టు లేదు. అటుగా పోతున్న సెలూన్ అతను కూడా సైకిల్ ఆపి చూస్తూ ఉండిపోయాడు.

"చూశావటయ్యా మా అమ్మాయి కట్టు!" అన్నారు జనరల్ గారు, కాలు తనది కానట్టు. "గుర్రమెక్కి దూకినా జారదు. ఇలాంటి చేతిని సైన్యం వదులుకుంటుందా?"

ఇంతకంటే మంచి సమయం దొరకదని బుజ్జికి ఎందుకనిపించిందో గానీ, అనేసింది. "సైన్యం వదలదు నాన్నా. నేనే వదిలేద్దామనుకుంటున్నాను. పెద్దాసుపత్రిలో నర్సుగా చేరదామని."

సెలూన్ అతను సైకిలెక్కి మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

"నర్సా?" అన్నారాయన. "మంచాల పక్కన నిలబడి జ్వరాలు చూసుకుంటూ, దుప్పట్లు మార్చుకుంటూనా? నీ కోసం ఒక దళం కాచుక్కూర్చుంటే?"

"దుప్పట్లు మార్చడం తప్పు పనేమీ కాదు నాన్నా."

"నేను తప్పన్నానా? అది చెయ్యడానికి వేరేవాళ్ళున్నారంటున్నాను. బాంబు పడ్డ చోటికి పరిగెత్తేవాళ్ళు ఎందరున్నారే? రేపు అక్కడ ఒకడు పడిపోయి 'అక్కా' అని కేకేస్తే ఎవరెళతారు? చెప్పు!"

ఆ మాట బుజ్జికి సూటిగా తగిలింది. ఎందుకంటే రోజూ తనకు తను వేసుకుంటున్న ప్రశ్న అదే, దానికి జవాబూ లేదు. "నాన్నా, ఇన్నేళ్ళలో నేను ఎంతమందికి కట్టు కట్టానో నాకే తెలీదు. అందరినీ హెలికాప్టర్ ఎక్కించేశాను. తలుపు మూసుకుంటుంది, దుమ్ము లేస్తుంది, అంతే. వాళ్ళు బతికారా, నడుస్తున్నారా, ఏ ఒక్కడి సంగతీ నాకు తెలీదు. పడుకుంటే వాళ్ళ మొహాలే. ఒక్క గాయమైనా మానడం నా కళ్ళతో చూడాలని ఉంది."

"అది మన పని కాదు!" జనరల్ గారు ఎంత గట్టిగా అన్నారంటే ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "దించెయ్యడం, వెనక్కి తిరగడం. అంతవరకే మన పని. ఆ తర్వాతది తలుచుకుంటే ఎవడూ ఉద్యోగం చెయ్యలేడు."

"బూటు వద్దు నాన్నా. సాయంత్రం విప్పి చూడాలి, రేపు ఆసుపత్రికి..."

"నువ్వు నాకు చెప్పకు." కట్టు మీదే బూటు ఎక్కించుకుని, లేసు బిగించి, టకటకా వీధిలోకి నడిచారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సాయంత్రం వచ్చి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. బుజ్జి తలుపు కొట్టింది, బతిమాలింది, కోప్పడింది. "కట్టు బాగానే ఉంది, నువ్వెళ్ళి పడుకో" అని లోపలి నుంచి ఒక్కటే సమాధానం. ఆ మొండితనం తనకెక్కడినుంచి వచ్చిందో ఆ పిల్లకి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు వీధిలో బ్రష్షు చప్పుడు వినబడలేదు.

"బుజ్జీ! ఇటు రావే, మీ నాన్న కాలు చూడవే!" తల్లి కేకకు బుజ్జి ఒక్క అంగలో గదిలోకి వచ్చింది. కట్టు ఎక్కడా జారలేదు. నిన్న కట్టింది కట్టినట్టే ఉంది. దాని కింద నుంచి వేళ్ళు మాత్రం ఉబ్బిపోయి, నల్లగా కమిలి బయటికి పొడుచుకొచ్చాయి. కత్తెరతో పట్టీ కోసింది. చర్మం మీద చుట్టు చుట్టుకీ లోతుగా వాత పడింది. నిన్న లేనిచోట కొత్తగా ఒక బొబ్బ.

వందల కట్లు కట్టిన మనిషి, తను కట్టిన కట్టు మర్నాడు విప్పి చూడడం అదే మొదటిసారి. ఎప్పుడూ వేరెవరో, వేరెక్కడో విప్పేవారు. కొండదారిలో కుదుపులకు జారకుండా, రక్తం ఆగేలా ఎంత బిగించాలో ఆ చేతులకు బాగా తెలుసు. ఇంట్లో మంచం మీద మానాల్సిన కాలికి ఎంత వదులివ్వాలో తెలియదు. పుస్తకాల్లో చదివింది, పరీక్షలో రాసింది కూడా. చేతులు మాత్రం వాటికి అలవాటైన పనే చేశాయి.

కోసిన పట్టీనే కాలి మీద వదులుగా కప్పి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గేటు దగ్గర జనరల్ గారు ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఇక్కడే ఉంటాను. డాక్టర్నే బయటికి రమ్మను."

"డాక్టరు మీ తమ్ముడా రమ్మనగానే రావడానికి? నడవండి!" అని తల్లి భుజం పట్టి లోపలికి నెట్టింది.

గాయాల విభాగంలో పెద్ద సిస్టర్ కళ్ళజోడు సర్దుకుని కాలు చూసింది. వేళ్ళు నొక్కి రక్తం తిరిగొస్తోందని చూసుకున్నాక గానీ మాట్లాడలేదు. "వేళ్ళకేం ప్రమాదం లేదు. సమయానికే వచ్చారు. కట్టు ఇంత బిగించిందెవరు?"

"నేనే" అన్నారు జనరల్ గారు వెంటనే. "మా అమ్మాయి చక్కగానే కట్టింది. బూటు కోసమని నేనే విప్పి బిగించుకున్నాను. ఆ పిల్ల తప్పేం లేదు."

నిన్నటి నుంచీ కూతురి మొహం చూడని మనిషి, కూతురి మీద మాట పడబోయేసరికి ఎంత చక్కగా అబద్ధం ఆడాడో చూడండి. బుజ్జి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"కాదు సిస్టర్. నేనే కట్టాను. సైన్యంలో మెడిక్‌ని."

పెద్ద సిస్టర్ కోసిన పట్టీ ముక్కను తిప్పి చూసింది. "అలాగా! పనితనం చూస్తేనే అనుకున్నాను. దారిలో ప్రాణం పోకుండా కాపాడే కట్టమ్మా ఇది. దీనివల్ల బతికినవాళ్ళు మా దగ్గరికి ఎంతమంది వస్తారో! విప్పేటప్పుడు మేం అనుకుంటూనే ఉంటాం, ఎవరో మహాతల్లి కట్టిందని." అని ఒక మెత్తటి పట్టీ తీసి బుజ్జి చేతిలో పెట్టింది. "కానీ మీ నాన్న ఎక్కడికీ పోవట్లేదుగా? రేపు మళ్ళీ చూస్తాం, ఎల్లుండి మళ్ళీ చూస్తాం. అందుకని వదులుగా కట్టాలి. రా, నువ్వే కట్టు, నేను చూస్తాను."

బుజ్జి రెండుసార్లు కట్టి రెండుసార్లూ విప్పింది. మూడోసారి కుదిరింది.

ఆ రోజు నుంచి ఇంట్లో రోజూ అదే పని. కడగడం, చూడడం, కట్టడం. బూట్లు బీరువా మీదికి ఎక్కాయి, జనరల్ గారి కాళ్ళకు మెత్తటి చెప్పులొచ్చాయి. తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు మాత్రం "కాలు ఎత్తు", "ఎత్తాను" వరకే. తల్లి మధ్యలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మీ ఇద్దరి కబుర్లతో నాకు చెవులు చిల్లులు పడుతున్నాయి" అనేది.

సెలవు ఇంక ముగుస్తుందనగా, ఒకరోజు పొద్దున్న కట్టు విప్పిన బుజ్జి పాదం మీదికి వంగి అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?" తల్లి కంగారుపడింది.

"అమ్మా! అంచు చూడు. గులాబీరంగు... కొత్త చర్మం అమ్మా! లోపలికి వస్తోంది! నిన్న లేదు, ఒట్టు, నిన్న లేదు!" నేల మీద కూర్చుని, నాన్న పాదం రెండు చేతుల్లో పట్టుకుని, ఆ పిల్ల పెద్దగా ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వుతోంది. గోరంత చర్మానికి ఎవరైనా అలా ఏడుస్తారా అంటే, ఆ పిల్ల ఏడ్చింది.

జనరల్ గారు కూతురి మొహం కేసి చూస్తూ ఉండిపోయారు. ఆ పిల్ల సార్జెంట్ అయిన రోజు చూశారు. పతకం పెట్టించుకున్న రోజు ముందు వరసలో కూర్చుని చూశారు. ఎప్పుడూ ఆ మొహంలో ఈ వెలుగు లేదు. ఉందని తనే అనుకున్నారు.

"ఒక కుర్రాడు ఉండేవాడు" అన్నారు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "నా బండిలో, వెనకాల స్ట్రెచర్ మీద. దారంతా 'అన్నా, కాస్త మెల్లగా' అంటూనే ఉన్నాడు. మెల్లగా పోతే దక్కడని నేను జోరుగానే తోలాను. ఆసుపత్రి గేటు దగ్గర దించేశాను, బండి తిప్పుకుని వచ్చేశాను. లోపలికి వెళ్ళి అడిగుండొచ్చు. అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గేటుకి వెళ్ళినా దిగనే లేదు. పోయాడని చెబుతారేమోనని భయం. ఆ భయమే ఇప్పటికీ పోలేదు తల్లీ."

తల్లి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కుర్రాడి ఊసు ఆమె దగ్గర కూడా ఎత్తలేదాయన.

"మన పని కాదు అని నీ మీద అరిచాను చూడు, అది నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాట" అన్నారు.

బుజ్జి ఆయన మోకాలి మీద తల ఆనించింది. "మరి నువ్వడిగిందానికి జవాబు నాన్నా? అక్కడ 'అక్కా' అని కేకేస్తే ఎవరెళతారు?"

"నేను మానేశాక నా బండి ఆగిపోయిందటే? ఎవడో కుర్రాడు నడుపుతున్నాడు. నాకంటే బాగానే నడుపుతున్నాట్ట, వెధవ!" చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. "నువ్వు పని నేర్పిన పిల్లలున్నారుగా అక్కడ. పరిగెడతారు. అన్నాళ్ళూ నువ్వు పరిగెత్తావు, చాల్లే. ఇక లోపలేం జరుగుతుందో చూడు. నా బదులు కూడా చూడు."

ఆ మధ్యాహ్నమే బుజ్జి ఫోన్ చేసింది. అవతల అధికారిణి, "నిన్ను పంపడం నాకిష్టం లేదు సార్జెంట్. కానీ అక్కడివాళ్ళు అదృష్టవంతులు" అందట. ఫోన్ పెట్టేశాక కూతురు తన బూట్లు తనే పాలిష్ చేసి, గుడ్డలో చుట్టి, నాన్న బూట్ల పక్కన బీరువా మీద పెట్టింది. కాసేపు వాటి మీద చెయ్యి ఉంచి నిలబడింది. ఇష్టం లేక వదిలిన ఉద్యోగం కాదు మరి.

సర్వీసు కాగితాలు తేలి, ఉద్యోగంలో చేరేసరికి నాలుగు నెలలు పట్టింది. చేరే రోజు ముగ్గురూ కలిసే వెళ్ళారు. గేటు దగ్గర పాత అలవాటు కొద్దీ జనరల్ గారి కాళ్ళు ఆగాయి.

"నువ్వు లోపలికెళ్ళు తల్లీ. నేనూ అమ్మా ఇక్కడుంటాం."

"ఇక్కడుండి ఏం చేస్తావు? క్యూలో కూర్చో. ఈ రోజు నీ ఆఖరి కట్టు. పెద్ద సిస్టర్ నన్నే తియ్యమంది."

తల్లి ఈసారి నెట్టాల్సిన అవసరం రాలేదు. జనరల్ గారు చెప్పులు టపటపలాడించుకుంటూ తనే గేటు దాటి, బెంచీ మీద నిటారుగా కూర్చుని, పక్కన కాలికి కట్టుతో ఉన్న పెద్దాయన్ని వరసలో సరిగ్గా కూర్చోమని ఆర్డరు వేశారు. లోపల తెల్ల కోటులో కూతురు చేతులు కడుక్కోవడం కిటికీ అద్దంలోంచి కనబడుతోంది.

"ఆ కొత్త సిస్టర్ ఉందే, మా అమ్మాయి" అన్నారు ఆపుకోలేక. "సైన్యంలో పెద్ద పేరు."

"కట్టు బాగా కడుతుందాండీ?" అన్నాడు ఆ పెద్దాయన, భయంభయంగా.

"కట్టడం సరేనయ్యా" అన్నారు జనరల్ గారు. "మర్నాడు వచ్చి విప్పి కూడా చూస్తుంది."