జిల్ఫా పెరట్లో తేనెపెట్టెలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా అమ్మ హుల్డా. తరవాత ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. వాళ్ళ మాట వినకండి. వినాల్సిన రోజున వాళ్ళ తాతలంతా నోళ్ళు కుట్టుకుని కూర్చున్నవాళ్ళే.

వెర్మాంటు కొండల్లో, రాతివాగు మలుపు దగ్గర హాస్కల్ వాళ్ళ పాతిల్లు. పొద్దు వాలితే అటు గుర్రం కూడా నడిచేది కాదు. ఇంట్లో మనిషి లేడు, తలుపుకి తాళం... అయినా పెరట్లోంచి టక్, టక్, టక్. ఆ వెనకే ఆడగొంతు, పేర్లు చదువుతున్నట్టు.

ఆ పెరట్లో ఏడు తేనెపెట్టెలు. మాలో ఇంటి మనిషి పోతే ముందు తేనెటీగలకి చెప్పాలి. ఇంటి తాళంచెవితో ఒక్కో పెట్టెనీ మూడుసార్లు తట్టి, పోయినవాళ్ళ పేరు చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి.

ఆ ఇంటి కోడలు జిల్ఫా పోయినప్పుడు చెప్పనివ్వలేదు, ఆమె ఆడబిడ్డ డ్రూసిల్లా.

"కూలికొచ్చి కోడలైనదానికి ఈగల దాకా కబురెందుకు?" అంది.

జిల్ఫా మొగుడు అబ్నర్ అప్పటికే యుద్ధంలో పోయాడు. ఆమెని పూడ్చిన సాయంత్రమే డ్రూసిల్లా ఇంటి బైబిలు తెరిచింది. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసుకునే కాగితాన్ని కత్తెరతో కరకరా కోసి పొయ్యిలో వేసింది. మిగిలిన ఒక్క పిల్లనీ "ఇది మా రక్తం కాదు, ఎక్కణ్ణించో తెచ్చుకున్నది" అని పిండిమర యజమాని ఇంట్లో పనికి పడేసింది. పొలం తనదైపోయింది. పాతింటికి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో తాడుకి కట్టుకుంది.

కానీ తేనెటీగలు లేచిపోలేదు.

అదీ ఆవిడ కడుపులో మంట. అవి ఉన్నాయంటే ఎవరో చెప్పినట్టే. చచ్చినావిడే వచ్చి తన కబురు తను చెప్పుకుంటోందని ఊరంతా గుసగుసలు.

ఆకులు రాలే కాలంలో ఒకనాడు, గంధకం పొగ పెట్టి వాటిని చంపేద్దామని బయల్దేరింది. ఆ పనికి చీకటి పడ్డాకే వెళ్ళాలి, అప్పుడే అన్నీ లోపలుంటాయి. వెనక లాంతరుతో జీతగాడు జోథం.

"అమ్మగారూ, మీరంటే ఎంత ప్రేమో వీటికి! కబురు చెప్పకపోయినా కదల్లేదు."

"వాగకు. లాంతరు పైకెత్తు."

"ఎత్తితే ఆవిడ కనబడుతుందేమోనని..."

"నోర్ముయ్!"

టక్... టక్... టక్.

డ్రూసిల్లా ఆగిపోయింది. "నువ్వేనా కొట్టింది?"

"నా రెండు చేతులూ లాంతరు మీదే ఉన్నాయమ్మగారూ..."

చివరి పెట్టె వెనకనించి గొంతు — సన్నగా, గాలిలా —

"వినండి... జిల్ఫా పోయింది. అబ్నర్ హాస్కల్ పెళ్ళాం. పిల్లలు ముగ్గురు. ఓబెడ్ — గొంతువాపుతో పోయాడు. లూనా — అదే వారం. హుల్డా..."

ఆ వరస డ్రూసిల్లాకి తెలుసు. కోసేసిన కాగితం మీద ఉన్నది అదే వరస. బూడిదని ఎవరు చదువుతారు?

"హుల్డా — బతికే ఉంది."

డ్రూసిల్లా వెనక్కి తూలింది. మోచెయ్యి తగిలి పెట్టె దొర్లింది. చీకట్లో తేనెటీగలు ఎగరలేదు... పాకాయి. కుడిచేతి నిండా. వారం రోజులు ఆ చెయ్యి గుమ్మడికాయలా ఉబ్బి, తగ్గాక వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. కత్తెర పట్టిన చెయ్యి, ఇక సూది కూడా పట్టలేదు. జోథం లాంతరు అక్కడే పారేసి పరిగెత్తాడు. దెయ్యం కథ ఊరంతా పంచిపెట్టింది వాడే.

ఆ గొంతు దెయ్యానిది కాదు. మా అమ్మది. పదకొండేళ్ళ పిల్ల. మరవాళ్ళింట్లో అంట్లు తోమి, మైలు దూరం నడిచొచ్చి, వాళ్ళమ్మ నేర్పిన వరస మర్చిపోకూడదని తేనెటీగలకి అప్పజెప్పేది.

"మరి తాళంచెవి ఆ మహాతల్లి మెళ్ళో ఉందిగా అమ్మా, దేనితో తట్టేదానివి?" అని అడిగాను.

అమ్మ రాతివాగు వైపు చూసింది.

"చెప్పడం ఒక్కటే నా పనిరా... నేను వెళ్ళేసరికే మా అమ్మ తడుతూ ఉండేది."

ఆ బైబిలు ఇప్పుడు చర్చి బీరువాలో ఉంది. కోసిన అంచు ఇంకా కనబడుతుంది. నా రాత కోడి గీకినట్టుంటుంది, దానికి పనికిరాదు. మంచి దస్తూరీ ఉన్నవాళ్ళెవరైనా ఆ అంచుకి ఒక కాగితం అంటించి, ముగ్గురి పేర్లూ వరసగా రాయండి. మూడో పేరు హుల్డా హాస్కల్. ఇంటిపేరు మాత్రం వదలకండి.